దొర విస్తరి

మా ఇంటిపేరు ఇక్కడ రాయను. సిగ్గుపడి కాదు. వేరేవాళ్ళ ఇంటిపేరు రాస్తే ఏమీ కాదు. ఊరికి నాలుగిళ్ళుంటాయి, ఎవరి గురించో ఎవరికీ తెలియదు. మాది రాస్తే మాత్రం ఇంటి నంబరు రాసినట్టే. దేశం మొత్తం మీద ఆ పేరున్నది మా ఒక్క ఇంటికే. నాంపల్లి స్టేషన్ వెనక సందు, ముందు రేకుల వరండా, పైన చిన్న డాబా. చూశారా, ఇప్పటికే ఎక్కువ చెప్పేశాను.

అది తెలుగు పేరు కాదు, ఇంగ్లిష్ దొర పేరు. బడిలో కొత్త టీచర్ ఎవరొచ్చినా హాజరు పిలుస్తూ నా దగ్గర ఆగిపోయేవారు.

"కన్వర్ట్ అయిన్రా మీరు?"

"లేదు మేడం, బోనాలు చేస్తం."

"మరి గీ పేరేంది?"

దానికి జవాబు చెప్పాలంటే ఒక పీరియడ్ చాలదు. "తెల్వద్ మేడం" అని కూర్చునేదాన్ని. మా నాన్నను దోస్తులు ఇప్పటికీ "దొరవారు లేచిన్రా? చాయ్ తాగిన్రా?" అని ఏడిపిస్తారు. ఇంటర్ అయ్యాక నేను ఆబిడ్స్‌లో ఒక కళ్ళద్దాల షాపులో చేరాను. మా సేటుకు నా పేరంటే భలే ఇష్టం. "ఈ పిల్లది లండన్ ఖాందాన్. ఆమె చెప్పిన ఫ్రేమే తీస్కోండ్రి" అని కస్టమర్లకు అమ్మేస్తాడు.

మా ముత్తాత తండ్రి ఒక దొర ఇంట్లో వంట చేసేవాడు. ఆ దొర రైల్వేలో వంతెనలు కట్టించే ఇంజనీరు. ఆయన బంగళా ఉన్న చోట ఇప్పుడు లాడ్జి ఉంది. వంటవాళ్ళకిచ్చిన గది ఉన్న చోట మేమున్నాం. ముత్తాతను బడిలో వేసిన రోజు పంతులు ఇంటిపేరు అడిగాడట. అప్పటికి దొరా లేడు, బంగళాలో దీపమూ లేదు. కానీ సందులో అందరూ మావాళ్ళను ఫలానా దొర ఇంటోళ్ళనే పిలిచేవారు. ఇంటిపేరంటే ఉన్న ఇంటి పేరే కదా అనుకుని వంటాయన అదే చెప్పాడు. పంతులు అదే రాసుకున్నాడు. అంతకుముందు మాకూ ఒక ఇంటిపేరు ఉండే ఉంటుంది. అదేమిటో ఇప్పుడు చెప్పగలిగినవాళ్ళు ఒక్కరూ లేరు. బస్సులో కోఠి దాటుతూ షాపుల బోర్డులు చదువుతుంటే, వీటిలో ఏదో ఒకటి మాదేనేమో, నన్ను చూసి కూడా పిలవకుండా ఊరుకుందేమో అనిపిస్తుంది.

"పేరు ఒట్టిగ రాదు బిడ్డా. పేరెంబడి మనిషి గూడ వస్తడు" అనేది నానమ్మ.

ఆ మనిషి మా ఇంట్లోనే ఉన్నాడని అందరికీ తెలుసు. వెనక గడప దగ్గర వేడినీళ్ళు పారబోయాలంటే నానమ్మ ముందు "దొరా, జర జరుగు" అనేది. మధ్యాహ్నం అందరూ పనులకు పోయి, స్టేషన్‌లో రైలు పేర్లు చదివే ఆడగొంతు కూడా కాసేపు ఆగినప్పుడు, వెనక గదిలో అలికిడయ్యేది. దొర పొడుగు మనిషనీ, తలుపు కింద వంగి వచ్చేవాడనీ నానమ్మ చెప్పేది. నాకు మాత్రం ఆ చప్పుడు ఎప్పుడూ నేలకు దగ్గరగా వినిపించేది. గ్లాసు దొర్లినట్టు, ఎవరో కూర్చున్న చోటునుంచి జరిగినట్టు. చిన్నప్పుడు చెబితే, "పిల్లి" అని కొట్టిపారేసేవాళ్ళు. మా సందులో పిల్లులు చాలానే ఉన్నాయి. కాబట్టి నేనూ పిల్లే అనుకున్నాను.

దొర పోయిన కథ ఇది. వానాకాలంలో నాట్లకని వంటాయన ఊరికి వెళ్ళాడు. తిరిగొచ్చేసరికి బంగళాకు తాళం. ఇంట్లో చావు జరిగిందనీ, జ్వరమనీ, మట్టి చేసి అందరూ ఓడెక్కడానికి వెళ్ళిపోయారనీ వాచ్‌మన్ చెప్పాడు. వంటాయన ఆ తాళం ముందే కూర్చుని ఏడ్చాడట. ఉప్పు తిన్న ఇల్లు. పరాయి నేల మీద పోయిన మనిషికి పెద్దల నాడు పిడికెడు మెతుకులు పెట్టే దిక్కు లేదు. అందుకని ఆ ఏడు పెత్రమాసకు తన తండ్రికీ తాతకూ విస్తరి వేసి, పక్కన ఇంకొకటి వేశాడు.

పెత్రమాస అంటే మాకు పోయిన పెద్దలకు పెట్టుకునే అమావాస్య. పొద్దున డాబా మీద విస్తరి పెడతాం. కాకి వచ్చి ముడితే పెద్దలు తిన్నట్టు. సాయంత్రం బతుకమ్మ మొదలు. మా ఇంట్లో రెండు విస్తర్లు. మొదటిదాంట్లో అందరిళ్ళల్లో ఉండేవే, అన్నం, పప్పు, గారెలు, మటన్. రెండోదాంట్లో దొర తినేవి. నోరు మండిపోయే మిరియాల సూపు, నిప్పుల మీద కాల్చిన రొట్టె, మిరియాల పొడి చల్లిన ఉడకబెట్టిన గుడ్డు, చేదుగా కాచిన చాయ్. పక్కన ఒక చుట్ట. వంటాయన నుంచి కోడళ్ళ చేతుల మీదుగా నానమ్మ దాకా ఆ వంట అలాగే వచ్చింది. సూపు కాస్త చప్పగా అయితే నానమ్మ ఒప్పుకునేది కాదు. "దొర నాలుకకు తెలుస్తది" అనేది.

ఆ విస్తరిని ఏ ఒక్క ఏడూ కాకి ముట్టలేదు.

పక్కన మా పెద్దల విస్తరి మీద కాకులు కొట్టుకునేవి. దొర విస్తరి దగ్గరికి వచ్చి, మెడ వంచి చూసి ఎగిరిపోయేవి. కాకి ముట్టకపోతే పోయినవాళ్ళకు ఏదో కోరిక మిగిలిపోయిందని కదా అర్థం. ఆ కోరికేమిటో ఊహించి పైకి మాటిస్తే, సరైన మాట పడగానే కాకి వాలుతుంది. అందరిళ్ళల్లో అంతే. మావాళ్ళు దొరకు ఇవ్వని మాట లేదు. నీ బంగళా చూసుకుంటాం అన్నారు. అది కూలిపోయింది. నీ వంతెనకు దండం పెడతాం అన్నారు. నీ పేరు విడవం అన్నారు. అన్నట్టే విడవలేదు. అయినా కాకి రాలేదు.

మిగతావాళ్ళు దాన్ని అలవాటుగా తీసుకున్నారు. నానమ్మ తీసుకోలేదు. కొత్త కోడలిగా వచ్చిన ఏడే ఆ విస్తరి ఆమె చేతికొచ్చింది. తన చేతివంటలోనే దోషముందనుకుంది. మా పెద్ద మేనత్త పుట్టి పోయినప్పుడు దొర కోపమే అనుకుంది. రెండేళ్ళ కింద గుండెకు స్టెంట్ వేశాక నాతో ఒకటే మాట. "నేను పోయేలోపట ఒక్కపారి గా ఇస్తారి కాకి ముట్టాలె బిడ్డా. లేకుంటె గాడికి పోయినంక మా అత్తకు ఏం మొఖం చూపియ్యాలె?"

"గాడ మీ అత్తకంటే ముందు దొరనే కలుస్తడు, డైరెక్ట్‌గ అడుగు" అన్నాడు నాన్న. నానమ్మ చేతిలో ఉన్న చాటతోనే కొట్టింది.

ఇదంతా ఇలా ఉండగా నా ఫోన్‌కు ఒక మెసేజ్ వచ్చింది. పంపింది ఒక ముసలామె. ఫోటోలో చిన్నగా కత్తిరించిన తెల్ల జుట్టు, వెనక కొండ, గొర్రెలు. పేరు చివర మా ఇంటిపేరు! రెండుసార్లు చదివాను. అంతలోనే బుర్ర పనిచేసి, ఇది ఫ్రాడ్, ఇప్పుడు ఓటీపీ అడుగుతుంది అనుకున్నాను. అడగలేదు. 'మీకు ఈ పేరు ఎలా వచ్చిందో చెప్తారా' అని మాత్రం అడిగింది. నేను వచ్చీరాని ఇంగ్లిష్‌లో చెప్పాను. ఆమె తన తాత హైదరాబాద్‌లో రైల్వే ఇంజనీరుగా పనిచేశాడని రాసింది. తర్వాత మెసేజ్‌లో, వచ్చే నెల వస్తున్నాననీ, ఇక్కడ ఒక సమాధి వెతుక్కోవాలనీ రాసింది. పెత్రమాసకు కొద్దిగా ముందు.

ఆబిడ్స్‌లో ఆమె దిగిన హోటల్‌కి వెళ్ళి నేనే తీసుకొచ్చాను. ఆటోలో ప్రతి మలుపుకూ నా మోచెయ్యి పట్టుకుంది. ఆమెది నానమ్మ ఈడే. నానమ్మ గడపలో నిలబడి ఆమెను కిందనుంచి పైదాకా చూసి, పసుపు కుంకుమ పళ్ళెం తెమ్మంది.

"గదెందుకే?" అన్నాడు నాన్న.

"ఇంటిపేరు మనదే అయితే ఏం వరుసైతది? నా పెనిమిటికి చెల్లె వరుస. ఇంటాడబిడ్డ గడపల నిలబడితె బొట్టు పెట్టకుండ లోపలికి రమ్మంటరా?"

నాన్న నవ్వాపుకుని రెండు చేతులూ జోడించి, "నమస్తే అత్తా" అన్నాడు. ఆమెకు అర్థం కాలేదు గానీ ముఖమంతా వెలిగిపోయింది. బొట్టు పెట్టించుకుని, చెప్పులు విప్పి లోపలికొచ్చింది.

ఆమె ఫోన్‌లో మాటలను తెలుగులోకి మార్చే యాప్ ఒకటి ఉంది. ఆమె ఏదో అనగానే అది గంభీరంగా, "మీ గృహము మిక్కిలి సుందరముగా ఉన్నది" అంది. నానమ్మ ఉలిక్కిపడింది. "ఫోన్ల పంతులున్నడా ఏంది?" ఆ తర్వాత దాన్ని కట్టేసి నేనే చెప్పడం మొదలుపెట్టాను. నా ఇంగ్లిష్ దానికంటే అధ్వాన్నం. కానీ చెయ్యి ఊపడం నాకు బాగా వచ్చు.

ఆమె ట్యాబ్ తీసి మ్యాప్‌లు చూపించింది. వాళ్ళ దేశానికి ఉత్తరాన కొండల మధ్య ఒక లోయ. మొదటి మ్యాప్‌లో ఆ లోయనిండా ఎర్రచుక్కలు, గోరింటాకు పెట్టుకున్న అరచెయ్యిలా. ఒక్కో చుక్కా ఆ ఇంటిపేరున్న ఒక కుటుంబం. ఆ లోయ దాటితే ఇంకెక్కడా లేవు. ఆ పేరు అసలు మనిషిది కాదట. ఒక గొర్రెల కొట్టం ఉన్న ఇంటిదట. ఆ ఇంట్లో ఉన్నవాళ్ళకు ఆ పేరు పడింది.

ఇది చెప్పగానే నానమ్మ తొడ చరిచింది. "సూడు! అందరు మన వంటాయన్ని పిచ్చోడన్నరు. గాళ్ళకు గూడ గట్లనే అచ్చింది!"

తర్వాతి మ్యాప్‌లో చుక్కలు సగం. మిల్లుల్లో పనికి పోయారు, యుద్ధాలకు పోయారు, ఓడలెక్కి పోయారు. ఆ తర్వాత పట్నానికి మంచినీళ్ళకని ఆ లోయకు అడ్డంగా ఆనకట్ట కట్టారు. పేరు పుట్టిన ఇల్లు నీళ్ళ కిందికి పోయింది. ఎండలు ముదిరిన ఏడు నీళ్ళు తగ్గితే గోడలు బయటపడతాయట. అలాంటప్పుడు ఒకసారి ఆమె బురదలో నడుచుకుంటూ వెళ్ళి ఆ గడప మీద నిలబడింది. లోపలికి పిలుస్తారేమోనని కాసేపు ఆగానని నవ్వుతూ అంది. నానమ్మ నవ్వలేదు. నానమ్మ పుట్టిన ఊరు కూడా ప్రాజెక్టు నీళ్ళ కిందే ఉంది. "నేను గూడ కలల గాడికే పోతా. నీళ్ళల్లనే నడుస్తా" అంది. అది చెప్పడానికి నాకు ఇంగ్లిష్ చాలలేదు. చేతులతో నీళ్ళలో నడిచి చూపించాను. ఆమె నానమ్మ చెయ్యి పట్టుకుంది.

చివరి మ్యాప్‌లో ఆ దేశమంతా కలిపి ఒక్క చుక్క. ఆమెదే. పెళ్ళి చేసుకోలేదు, తమ్ముడు పోయాడు. వేలితో తెరను జరుపుతూ, సముద్రాలన్నీ దాటించి, హైదరాబాద్ మీద ఆపింది. అక్కడ ఇంకొక చుక్క, ఆమెదానికంటే పెద్దది.

"అంటే ఇప్పుడు ఈ పేరుకు హెడ్డాఫీస్ నాంపల్లేనా?" అన్నాడు నాన్న.

అందరం నవ్వాం. ఆ నవ్వులోనే నానమ్మ విస్తరి సంగతి చెప్పమంది. ఆడబిడ్డ వచ్చింది, పోయినాయన సొంత మనవరాలు, కాకి ఎందుకు ముట్టదో ఈమెకు తెలిసే ఉంటుందని నానమ్మ ఆశ. నేను చెప్పాను. మీ తాత ఇక్కడే జ్వరంతో పోయాడు కదా, అప్పటినుంచి మేము ఏటా ఆయనకు భోజనం పెడుతున్నాం అన్నాను. ఆమె నా ముఖం వైపే చూస్తూ ఉండిపోయింది. నా ఇంగ్లిష్ తప్పుపోయిందనుకుని మళ్ళీ చెప్పాను.

అప్పుడామె నెమ్మదిగా, ఒక్కో మాటా విడదీసి అంది. తాత ఇక్కడ చనిపోలేదు. ఇంటికి తిరిగొచ్చాడు. ముసలివాడయ్యేదాకా బతికాడు. నాకు సైకిల్ నేర్పింది ఆయనే.

స్టేషన్‌లో ఏదో రైలు ఆలస్యమని చెబుతున్నారు. నానమ్మ నన్నే చూస్తోంది. చెప్పక తప్పలేదు, చెప్పాను.

"బతికున్నోనికి పెట్టినమా?" అంది నానమ్మ. బతికున్న మనిషికి పిండం పెడితే ఆయుష్షు కోసినట్టేనని మాలో అందరికీ భయం. "బతికున్నోనికి... అయితె ఇన్నేండ్లు మా ఇంట్ల ఉన్నదెవరు?"

దానికి జవాబు ఆమె చెప్పింది. ఇక్కడ పోయింది వాళ్ళ పెద్ద కొడుకు. ఇక్కడే పుట్టి, అప్పుడప్పుడే నడక నేర్చిన పిల్లవాడు. జ్వరమొచ్చి వానల్లో పోయాడు. పాతిపెట్టిన కొన్నాళ్ళకే తల్లి ఇక ఈ ఊళ్ళో ఉండలేనంటే అందరూ వెళ్ళిపోయారు. ఆ తర్వాత అక్కడ ఇంకో కొడుకు పుడితే పోయినవాడి పేరే పెట్టుకున్నారు. ఆ రెండోవాడే ఈమె తండ్రి. తన పేరు చెక్కిన రాయి ఎక్కడో హైదరాబాద్ మట్టిలో ఉందని తెలిసి బతికాడాయన. పోయేముందు, ఒకసారి వెళ్ళి వాణ్ణి చూసిరా అన్నాడట. ఆమె వెతుక్కోవాలన్న సమాధి అది.

నానమ్మ ఆ పూట అన్నం ముట్టలేదు.

మర్నాడు సేటు దగ్గర సెలవు తీసుకుని నేనూ ఆమే పాత ఇంగ్లిష్ శ్మశానానికి వెళ్ళాం. మోకాళ్ళ దాకా గడ్డి. కొన్ని రాళ్ళు బోర్లా పడి ఉన్నాయి, కొన్నిటి మీద అక్షరాలు అరిగిపోయి నున్నగా తయారయ్యాయి. పిల్లల రాళ్ళు చిన్నవి, ముందు అవే మాయమయ్యాయని గేటు దగ్గరి ముసలాయన చెప్పాడు. "కొన్ని బట్టలుతికేటందుకు తీస్కపోయిన్రమ్మా, ఏం చేస్తం." అది మాత్రం నేను ఆమెకు చెప్పలేదు. ఎండెక్కేదాకా వెతికి, ఒక వేపచెట్టు కింద కూర్చున్నాం. సంచిలోంచి బూడిదరంగు రాయి ముక్క తీసి చూపించింది. నీళ్ళ కింది ఇంటి గడపలోంచి ఊడిన ముక్కట. పిల్లవాడి దగ్గర పెడదామని తెచ్చింది. పెట్టడానికి చోటు లేదు.

ఇంటికొచ్చేసరికి నానమ్మ వెనక గదిలో, గోడకు ఆనుకుని, నేల మీద కూర్చుని ఉంది. ఆ చప్పుడు వినిపించే చోటే. దొరికిందా అని అడగలేదు.

"గా పోరడు మాట్లాడుతుండెనా? అడుగు."

అడిగాను. ఇంకా సరిగా రాలేదట, అమ్మా అనేవాడట, కుక్కను పిలిచేవాడట.

"పండ్లు?"

"ఆఁ?"

"పండ్లచ్చినయా గానికి? అడుగవే."

ముందు పళ్ళు మాత్రమే వచ్చి ఉంటాయంది ఆమె. నానమ్మ రెండు చేతులతో నెత్తి బాదుకుంది.

"అయ్యో నా కొడకా! పాలు తాగే పోరనికి మిరియాల సూపు పోసినమా! చుట్ట పెట్టినమా! నోరు మండి ఏడ్సుకుంట ఎన్నేండ్లు కూసున్నవు బిడ్డా, ఈడ? ఎందుకు తింటడు? కాకి గూడ ముట్టలే, కాకికున్న బుద్ధి నాకు లేకపాయె!"

ఏం జరిగిందోనని ఆమె కంగారుపడి నన్ను చూసింది. నాకూ ఏడుపొచ్చేసింది. ముక్కు తుడుచుకుంటూ, "సూప్, బేబీ, హాట్" అన్నాను. అంతే అనగలిగాను. ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నానమ్మ పక్కనే నేల మీద కూలబడింది. ఒకరి భుజం మీద ఒకరు తల పెట్టి ఇద్దరు ముసలివాళ్ళూ ఏడ్చారు. ఎప్పుడో పోయిన పిల్లవాడి కోసం మా ఇంట్లో ఎవరైనా ఏడవడం అదే మొదటిసారి. ఇన్నాళ్ళూ దొరకు భయపడ్డామే గానీ ఏడవలేదు.

గుమ్మంలో నిలబడ్డ నాన్న, "వాచ్‌మన్ ఇంట్ల సావైందన్నడు. ఎవరని మనోడు అడగనేలే" అని మాత్రం అన్నాడు. ఎగతాళికి ఏమీ దొరకక బయటికి వెళ్ళిపోయాడు. కాసేపటికి అరటిపళ్ళు, బిస్కెట్లు, రంగురంగుల పిప్పరమెంట్లు పట్టుకొచ్చాడు. "పోరళ్ళకు ఏం పెడ్తరో నాకేమెరుక" అని నానమ్మ ముందు పెట్టాడు.

పెత్రమాస పొద్దున అమ్మ పాలలో మెత్తగా ఉడికించిన అన్నంలో బెల్లం వేసి కలిపింది. నానమ్మను మెట్లెక్కించడానికి నాన్న ఒక పక్క, నేనొక పక్క. డాబా మీద రెండు విస్తర్లు వేశాం. రెండోది ఈసారి చిన్నది. పాలన్నం, అరటిపండు ముక్కలు, పాలల్లో నానేసిన బిస్కెట్. ఆమె తన రాతిముక్కను ఆ విస్తరి పక్కన పెట్టింది. ఎండ ఇంకా మెత్తగా ఉంది. లాడ్జి నీళ్ళ ట్యాంకు మీద కాకులు వరసగా కూర్చున్నాయి.

పెద్దల విస్తరి మీద ఎప్పటిలాగే వాలాయి. చిన్నదాని దగ్గరికి ఒకటి వచ్చింది, చూసింది, ఎగిరిపోయింది.

నానమ్మ నా చెయ్యి వదిలి ముందుకు జరిగింది. "మాటియ్యాలె" అంది. గొంతు సవరించుకుని విస్తరి వైపు వంగింది. "బిడ్డా, మీ తమ్ముని బిడ్డ అచ్చింది సూడు. నిన్ను మీ అమ్మ దగ్గరికి తీస్కపోతది. పోతవా?"

ట్యాంకు మీది కాకులు కదల్లేదు.

ఏమంటున్నారని ఆమె అడిగితే చెప్పాను. ఆమె మోకాళ్ళ మీద కూర్చుని, వాళ్ళ భాషలో, చాలా చిన్నగా ఏదో చెప్పింది. అతని పేరు పెట్టి పిలిచింది. తన తండ్రి పేరు కూడా అదే కాబట్టి ఎవరిని పిలిచిందో నాకు తెలియదు. గాలికి విస్తరి అంచు లేచి పడింది. కాకి రాలేదు.

"పోరడు ఈడ్నే పుట్టి పెరిగిండు" అంది నానమ్మ, తనలో తను అనుకుంటున్నట్టు. "గాడి కొండలు గానికేం తెల్సు? మన వాకిలే తెల్సు." తర్వాత గట్టిగా, "సరె, ఈడ్నే ఉండు. ఎల్లగొట్టం. నేనున్నంత కాలం..." అంది. ఆ మాట సగంలోనే ఆగిపోయింది. నేనున్నంత కాలం అంటే ఎంతని ఆమెకే అనిపించిందేమో. నాన్న వైపు చూసింది. నాన్న నేలచూపులు చూశాడు. ఆయనకు ఆ పేరే మోయలేని బరువు. ఆ తర్వాత నానమ్మ నా వైపు చూడలేదు. పెళ్ళయితే ఇంటిపేరు మారే పిల్లను ఏమని అడుగుతుంది?

నేను ఆలోచించలేదు. నాకు ఆలోచించే అలవాటు తక్కువ. ఆ చిన్న విస్తరి, దాని ముందు అంత పెద్దవాళ్ళు చేతులు కట్టుకుని నిలబడటం చూడలేకపోయాను. వెళ్ళి దాని ముందు గొంతుక్కూర్చున్నాను. చిన్నప్పుడు అలికిడి వినిపించిన ఎత్తులోనే నా ముఖం పెట్టి, "నేను పెడ్తా. నా పేరు మారినా పెడ్తా. ఎక్కడుంటె అక్కడ్నే పెడ్తా. చప్పటిదే పెడ్తా, సరేనా?" అన్నాను.

వెనక రెక్కల చప్పుడయింది. నేను లేచేదాకా కూడా ఆగలేదు ఆ కాకి. నా చేతికి జానెడు దూరంలో వాలి, అరటిపండు ముక్క ఒకటి ముక్కున కరుచుకుంది. ఎగిరిపోలేదు. నిలబడి తింది. పాలన్నం తింది, నానిన బిస్కెట్ తింది. వెనక నానమ్మ "తిన్నడు, తిన్నడు" అంటూ ఏడుస్తోంది. ఆమె ఇంగ్లిష్‌లో ఏదో అంటోంది. తినడం అయ్యాక ఆ కాకి తల వంచి, ఒక కంటితో నన్ను చాలాసేపు చూసింది. ఈమేనా అన్నట్టు.

ఆ ముసలామె తన దేశానికి వెళ్ళిపోయింది. రాతిముక్క మాత్రం డాబా పిట్టగోడ మీదే ఉంచమంది. అప్పుడప్పుడూ వీడియో కాల్ చేసి, ముందు నానమ్మను చూపించమంటుంది, తర్వాత రాయిని చూపించమంటుంది. నానమ్మ ఇప్పుడు హాయిగా నిద్రపోతోంది. పెత్రమాస మళ్ళీ దగ్గరికొచ్చింది. ఈసారి ఏం పెడదామంటే, "నన్నెందుకు అడుగుతున్నవ్? మాటిచ్చింది నువ్వు" అని అటు తిరిగింది.

మొన్న కాచిగూడ నుంచి ఒక సంబంధం వచ్చింది. అబ్బాయి మంచివాడిలాగే ఉన్నాడు. నా ఇంటిపేరు విని నవ్వలేదు. ఫోన్‌లో మాట్లాడుకుంటున్నాం. నిన్న, "నా గురించి ఇంకేమన్నా తెల్సుకోవాల్నా? నీ గురించి ఏమన్నా చెప్పేది ఉందా?" అని అడిగాడు. ఉంది అన్నాను. చెప్పు మరి అన్నాడు. నేను ఫోన్ పట్టుకుని డాబా మీద రాతిముక్క దగ్గరికి నడిచాను. పెళ్ళయి నేను వచ్చేటప్పుడు నా వెంట ఒక పిల్లవాడు కూడా వస్తాడని ఎవరికైనా ఎక్కడినుంచి మొదలుపెట్టి చెబుతాం?